చెవిలో ఇమిడెడు సంగీతయంత్రము: తక్కువ ధరలో మంచి ఇయర్‌ఫోను నెన్నుకొనుట ఎట్లు?

నర్సంపేటనుండి కొత్తగూడకు పోవు బస్సు అడవిని చేరగానే దాని రొద రెట్టింపైనట్లు తోచును. ఈ కొత్తగూడను బొగ్గుగనులున్న కొత్తగూడెముతో పొరబడువారు చాలమంది కలరు. ఇది వేరు. 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోను, అటుపిమ్మట మహబూబాబాదు జిల్లాలోను చేరిన మండల కేంద్రము. కోయలు ఎక్కువగా నివసించు అటవీ ప్రాంతము. ఒక సాయంకాలము ఆ బస్సులో నా ప్రక్కన ఒక ఇంటర్మీడియేటు విద్యార్థి కూర్చుండెను. అతని చేతిలో అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదైన పాటల పెట్టె యున్నది. చెవులలో రెండు తెల్లని బిళ్ళలున్నవి. ఆశ్చర్యమేమనగా, అంత ఇంజను రొదలోను అతడు వినుచున్న పాట నాకు కూడ వినబడుచుండెను.

"బాబూ, నీ పాట నాకును వినబడుచున్నది. నీ చెవికి ఎంత గట్టిగా తగులుచున్నదో!" అంటిని. అతడు సిగ్గుపడి బిళ్ళలు తీసి, "ఎంత సౌండు పెట్టినా సరిగ్గ ఇనవడ్తలేదు సార్. మూడు వందలల మంచియి ఏముంటయి?" అని అడిగెను.

ప్రశ్న చిన్నది. కాని దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్న భౌతికశాస్త్రములోని రెండు మూడు పాఠములును, జీవశాస్త్రములోని ఒక పాఠమును కావలెను. ఆ రోజు బస్సులో చెప్పినదానిని కొంత విస్తరించి ఇక్కడ వ్రాయుచున్నాను. చెప్పదలచిన విషయము ఒక్కటే. మంచి ఇయర్‌ఫోను అనగా పెద్ద శబ్దము చేయునది కాదు. చిన్న శబ్దముతోనే పాట నంతటిని వినిపించునది. ఈ ఒక్క సూత్రమును పట్టుకొన్నచో ధర తక్కువైనను మోసపోము. అంతకంటె ముఖ్యముగా, చెవిని పోగొట్టుకొనము.

పుట్టుపూర్వోత్తరములు

చెవికి దగ్గరగా పెట్టుకొని వినెడు సాధనము కొత్తది కాదు. 1876లో టెలిఫోను పుట్టినప్పుడే అదియును పుట్టినది. అమెరికాలోని యూటా రాష్ట్రమునకు చెందిన నాథేనియల్ బాల్డ్విన్ 1910లో రెండు చెవులకును పట్టియుండు సున్నితమైన హెడ్‌ఫోనును తయారుచేయగా, ఆ దేశపు నౌకాదళము దానిని కొనినది. 1979లో జపానునందు సోనీ సంస్థ "వాక్‌మన్" అను చిన్న టేపు యంత్రమును విడుదల చేసినది. నడచుచు, ప్రయాణము చేయుచు పాటలు వినెడు అలవాటు అప్పటినుండి లోకమంతట వ్యాపించినది. చెవి రంధ్రములోనికే దూరి, దానిని బిరడావలె మూయు రకము తరువాత వచ్చినది. 1991లో అమెరికాలో ఎటిమోటిక్ అను సంస్థ తయారుచేసిన ఇ.ఆర్.-4 అను నమూనా ఈ రకమునకు పేరు తెచ్చినది. అప్పుడది చాల ఖరీదైన వస్తువు. నేడు అదే పద్ధతిలో పనిచేయు సాధనములు మన సంతలలో కూడ కొన్ని వందల రూపాయలకే దొరకుచున్నవి.

కావున మన అంగళ్లలో రెండు రకములున్నవని గుర్తుంచుకొనవలెను. మొదటిది చెవి గుమ్మములో ఊరక కూర్చుండు బిళ్ళ రకము. రెండవది మెత్తని రబ్బరు కొసతో చెవి నాళములోనికి కొంచెము దూరెడు బిరడా రకము. బస్సులోని విద్యార్థి వాడుచున్నది మొదటి రకము.

లోపల ఏమున్నది?

పాడైన ఇయర్‌ఫోను నొకదానిని జాగ్రత్తగా విప్పి చూడుడు. ఒక చిన్న అయస్కాంతము, దాని చుట్టును వెంట్రుకవంటి సన్నని తీగతో చుట్టిన చుట్ట, ఆ చుట్టకు అంటియున్న పలుచని ప్లాస్టిక్ పొర కనిపించును. పాటల పెట్టెనుండి వచ్చు విద్యుత్ప్రవాహము తీగచుట్టలో పారినప్పుడు, అయస్కాంత క్షేత్రములో దానిపై బలము పనిచేయును. ప్రవాహము దిశ మారినప్పుడెల్ల బలము దిశయు మారును. చుట్ట ముందుకు వెనుకకు కదలును. దానితో పొర కదలును. పొరతో గాలి కదలును. తరగతిలో మనము చెప్పుకొను విద్యుత్ మోటారు సూత్రమే ఇది. మోటారులో చుట్ట తిరుగును. ఇక్కడ చుట్ట ఊగును. అంతే భేదము.

పెండ్లిపందిట్లో లౌడ్‌స్పీకరునకు అంత పెద్ద కాగితపు గరాటు కావలసియుండగా, వేలిగోరంత పొర చెవికి ఎట్లు చాలుచున్నది? దీనిని లెక్కవేసి చూతము. చెవి నాళము సుమారు 25 మిల్లీమీటర్ల పొడవును, 7 మిల్లీమీటర్ల వ్యాసమును గల చిన్న గొట్టము. దాని లోపలి కొసను కర్ణభేరి మూసియున్నది. బయటి కొసను ఇయర్‌ఫోను మూసినచో, కర్ణభేరి కొంచెము లోనికి లొంగుటను కూడ కలుపుకొని, పొర ముందున్న గాలి సుమారు 2 ఘన సెంటీమీటర్ల గాలికి సమానమని తీసుకొనవచ్చును. 94 డెసిబెల్ ధ్వని అనగా ఒక పాస్కలు పీడన భేదము. వాతావరణ పీడనము లక్ష పాస్కలులు. మూసిన గదిలో పీడనము లక్షలో ఒక వంతు మారవలెనన్న, గాలి ఘనపరిమాణము ఇంచుమించు లక్షా నలుబది వేలలో ఒక వంతు మారిన చాలును. అనగా 0.014 ఘన మిల్లీమీటర్లు. పొర వైశాల్యము 50 చదరపు మిల్లీమీటర్లు అనుకొన్నచో, అది కదలవలసిన దూరము మిల్లీమీటరులో మూడు వేలవ వంతుకంటె కొంచెము తక్కువ. తలవెంట్రుక మందములో అది నూరవ వంతైనను ఉండదు. ఇంత స్వల్ప చలనముతోనే చెవి గింగిరులెత్తు శబ్దము పుట్టును.

ఈ లెక్కలో ఒక షరతు ఉన్నది. గది మూసియుండవలెను. మన విషయమునకు ఆయువుపట్టు ఇదే.

సందు ఉన్నచో ఏమగును?

సైకిలు పంపు మూతిని వ్రేలితో గట్టిగా మూసి పిడిని నొక్కుడు. లోపల పీడనము పెరిగి పిడి ఎదురు తిరుగును. వ్రేలిని కొంచెము సడలించి నెమ్మదిగా నొక్కుడు. గాలి సందులోనుండి జారిపోవును, పీడనము పెరుగదు. అదే సందుతో ఒక్కసారిగా విసురుగా నొక్కినచో, గాలి జారిపోవుటకు వ్యవధి లేక కొంత పీడనము పెరుగును.

చెవిలో జరుగునదియు ఇదే. 50 హెర్ట్జుల మంద్రధ్వనిలో పొర ముందుకు పోవుటకు సెకనులో నూరవ వంతు కాలము పట్టును. ఇంత వ్యవధిలో రబ్బరు కొసకును చెవి గోడకును మధ్యనున్న సందులోనుండి గాలి సుఖముగా తప్పించుకొనును. 5,000 హెర్ట్జుల తారధ్వనిలో ఆ వ్యవధి సెకనులో పదివేలవ వంతు మాత్రమే. గాలి తప్పించుకొనలేదు. కావున సందు ఉన్న ఇయర్‌ఫోనులో మంద్రస్వరములు లోపించి, కీచుస్వరములు మాత్రము మిగులును. పాట పలుచబడి "డబ్బా శబ్దము" వచ్చును.

దీనికి మా ప్రాంతములోనే ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. రెండేండ్ల కొకసారి జరుగు మేడారము సమ్మక్క సారలమ్మ జాతరకు పగిడిద్దరాజును పూనుగొండ్లనుండి అడవి దారిని కాలినడకన తీసికొని పోవుదురు. పూనుగొండ్ల పూర్వము కొత్తగూడ మండలములోనిదే. నేడు గంగారము మండలములో చేరినది. ఆ యాత్రలో కోయల డోళ్లు మ్రోగును. డోలు శబ్దములో రెండు భాగములున్నవి. కర్ర తోలుకు తగిలినప్పుడు పుట్టు పదునైన దెబ్బ ఒకటి. తోలును లోపలి గాలియును కలిసి ఊగుటచే పుట్టు లోతైన మ్రోత రెండవది. బస్సులోని విద్యార్థి పాటల పెట్టెలో ఆ డోళ్ల శబ్దము కూడ ఉన్నది. తానే ఫోనుతో పట్టుకొన్నాడట. అతని బిళ్ళలను తుడిచి నేను చెవిలో పెట్టుకొని చూచితిని. "టక్ టక్" అను కర్రదెబ్బ వినబడినదే కాని డోలు మ్రోత వినబడలేదు. బిళ్ళలను రెండు చేతులతో చెవికి అదిమి పట్టితిని. వెంటనే డోలు మ్రోగినది. యంత్రము మంచిదే, సందు చెడ్డది.

కావున ఇయర్‌ఫోను నాణ్యములో సగము దాని రబ్బరు కొసలోనే ఉన్నదని చెప్పవచ్చును. పదివేల రూపాయల ఇయర్‌ఫోను సరిగా అమరక పోయినచో, సరిగా అమరిన మూడు వందల రూపాయల దానికంటె హీనముగా పలుకును. కొనునప్పుడు చిన్న, మధ్య, పెద్ద పరిమాణములలో కనీసము మూడు జతల కొసలు ఇచ్చు దానినే కొనవలెను. చెవులు మనిషికి మనిషికి భేదించును. ఒకే మనిషి కుడి ఎడమ చెవులు కూడ తరచు సమానముగా ఉండవు. ఒక చెవికి చిన్నది, రెండవ చెవికి మధ్యది తగులుట వింత కాదు.

బస్సు రొద, చెవి బడ్జెటు

సరిగా అమరిన కొస రెండు పనులు చేయును. లోపలి మంద్రధ్వనిని బయటకు పోనీయదు. బయటి రొదను లోపలికి రానీయదు. రెండవ పని మొదటి దానికంటె విలువైనది. ఎందువలనో చూతము.

ధ్వని తీవ్రతను డెసిబెల్ లలో కొలుతుము. ఈ కొలతలో 3 డెసిబెల్ లు పెరిగినచో శక్తి రెట్టింపగును. 10 పెరిగినచో పదిరెట్లగును. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమును కలిసి 2019లో పాటల సాధనములకు ఒక ప్రమాణమును ప్రకటించినవి. దాని ప్రకారము పెద్దలు వారమునకు 80 డెసిబెల్ ల ధ్వనిని 40 గంటలు వినవచ్చును. పిల్లలు 75 డెసిబెల్ ల ధ్వనిని 40 గంటలు వినవచ్చును. 3 డెసిబెల్ లు పెరిగినప్పుడెల్ల కాలమును సగము చేయవలెను. పెద్దల లెక్కలో 83కు 20 గంటలు, 86కు 10, 89కి 5, 92కు రెండున్నర గంటలు. పిల్లల లెక్కలో 78కి 20 గంటలు, 81కి 10, 84కు 5, 87కు రెండున్నర, 90కి ఒకటిం బావు గంట మాత్రమే. జీతము వలె ఇది వారపు బడ్జెటు. ఖర్చు త్వరగా చేసినవానికి మిగులు ఉండదు.

ఇప్పుడు మన విద్యార్థి సంగతి. బస్సులో రొద 80 డెసిబెల్ లు అనుకొందము. బిళ్ళ రకము ఆ రొదను దాదాపు ఆపదు. పాట రొదకు పైన వినబడవలెనన్న అతడు 90 వరకు పెంచును. రాకపోకలకు రోజుకు రెండు గంటలు, వారమునకు ఆరు దినములు, మొత్తము 12 గంటలు. పిల్లల బడ్జెటులో అతనికి ఉన్నది ఒకటిం బావు గంట. ఖర్చు దానికి దాదాపు పదిరెట్లు! పదునేడేండ్లవాడు పెద్దవాడే అని వాదించినను, పెద్దలకు 90 డెసిబెల్ ల వద్ద దొరకునది సుమారు 4 గంటలే. అప్పుడును ఖర్చు మూడింతలు.

బిరడా రకము చక్కగా అమరినచో బయటి రొదను సుమారు 15 డెసిబెల్ లు తగ్గించునని తీసుకొందము. చెవిలోనికి వచ్చు రొద 65 అగును. దానికి పది పైన, అనగా 75 డెసిబెల్ ల పాట, మునుపటి వలెనే స్పష్టముగా వినబడును. 75 వద్ద పిల్లలకు కూడ 40 గంటలున్నవి. పన్నెండు గంటల ప్రయాణము బడ్జెటులో ఇమిడిపోయినది. పాట మారలేదు, బస్సు మారలేదు, పెట్టె మారలేదు. మారినది ఒక రబ్బరు కొస. ఇంజను రొదలోని మిక్కిలి మంద్రభాగమును కొస ఇంతగా ఆపలేకపోవచ్చును. అయినను లెక్క దిశ ఇదే.

ఈ బడ్జెటు దాటినవాడు పోగొట్టుకొనునది ఏమి? లోపలి చెవిలో నత్తగుల్ల వంటి కర్ణావర్తము ఉన్నది. ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 రోమకణములు వరుసలు తీరి గాలి కంపనములను నాడీ సంకేతములుగా మార్చుచుండును. అతిధ్వనిచే ఇవి చచ్చినచో మనుష్యులలో మరల మొలవవు. వెంట్రుక రాలిన మొలచును, గోరు విరిగిన పెరుగును; రోమకణము పోయిన పోయినదే. ఈ నష్టము సాధారణముగా 4,000 హెర్ట్జుల ప్రాంతములో మొదలగును. అచ్చులలోని బలము చాలవరకు తక్కువ పౌనఃపున్యములలో ఉండును. శ, ష, స వంటి ఊష్మముల గుర్తులు ఎక్కువ పౌనఃపున్యములలో ఉండును. అందుచేత చెవి చెడినవానికి మాట వినబడును కాని అర్థము కాదు. వెనుక బెంచీలో కూర్చుండి పదే పదే "ఏమి సార్?" అని అడుగు విద్యార్థిని ఉపాధ్యాయులు విసుగుకొనక ముందు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. నొప్పి లేక, నెత్తురు లేక, సంవత్సరముల తరబడి జరుగు నష్టము కనుక దీనిని వాడు కూడ గుర్తింపలేడు.

పెట్టెమీది అంకెలను చదువుట

అంగడిలో అందమైన పెట్టెలపై అంకెలు అచ్చువేసియుండును. వానిలో ఏది పనికివచ్చునో, ఏది ప్రచారమో తెలిసికొనవలెను.

మొదటిది "20 హెర్ట్జులనుండి 20,000 హెర్ట్జుల వరకు" అను అంకె. ఇది మనిషి చెవి వినగల పరిధి. దీనిని అచ్చువేయని పెట్టె దాదాపు లేదు. ఆ పరిధిలో ధ్వని ఎన్ని డెసిబెల్ ల హెచ్చుతగ్గులతో పలుకునో చెప్పనంత వరకు ఈ అంకెవలన మనకు తెలియునది ఏమియు లేదు. దీనిని చూచి ధర ఎక్కువ పెట్టరాదు.

రెండవది అవరోధము. దీనిని ఓములలో చెప్పుదురు. చిన్న పాటల పెట్టెకును, మీటల ఫోనుకును 16 లేక 32 ఓములవి సరిపోవును. మూడవది సున్నితత్వము. ఒక మిల్లీవాటు విద్యుత్తు ఇచ్చినప్పుడు ఎన్ని డెసిబెల్ ల ధ్వని పుట్టునో ఇది చెప్పును. 100 ప్రాంతములో ఉన్న చాలును. ఉదాహరణమునకు 16 ఓములు, 100 డెసిబెల్ ల ఇయర్‌ఫోనునకు పాటల పెట్టె అర వోల్టు ఇచ్చినదనుకొందము. వోల్టేజి వర్గమును అవరోధముచే భాగించినచో 0.25 ÷ 16, అనగా సుమారు 15.6 మిల్లీవాట్లు. ఇది 12 డెసిబెల్ ల పెరుగుదల. మొత్తము 112 డెసిబెల్ లు! పెద్దల బడ్జెటు నంతటిని నిమిషములలో తినివేయు ధ్వని ఇది. కనుక "మా ఇయర్‌ఫోను ఎక్కువ మ్రోగును" అను మాటకు మనము వెల కట్టవలసిన పని లేదు. చవకలో చవకైనది కూడ కావలసినదానికంటె ఎక్కువే మ్రోగును.

నాలుగవది పొర వ్యాసము. "10 మిల్లీమీటర్ల డ్రైవరు" అని పెద్ద అక్షరములతో వ్రాయుదురు. మూసిన చెవిలో ఎంత స్వల్ప చలనము చాలునో పైన లెక్కించితిమి. 6 మిల్లీమీటర్ల పొరతో చక్కగా పలుకునవియు, 14 మిల్లీమీటర్ల పొరతో గొణుగునవియు ఉన్నవి. ఐదవది "అదనపు బేస్" అను ప్రకటన. మంద్రధ్వనిని అతిగా పెంచినచో అది గాయకుని కంఠమును కప్పివేయును. అప్పుడు మాట వినబడుటకై మనము మొత్తము ధ్వనిని పెంచుదుము. ఇది మన సూత్రమునకు విరుద్ధము.

అంగడిలో చేయదగిన పరీక్షలు

తెలిసిన పాటలు గల మన పెట్టెను మనమే తీసికొని పోవలెను. అంగడివాని ఫోనులో అతడు ఎంచిన పాటను విని కొనరాదు. అంగడివాడు వినిచూడనిచ్చినచో కొసను మొదట శుభ్రము చేయవలెను. వినిచూడనీయనిచో మార్చి ఇచ్చు ఏర్పాటు ఉన్నదా అని అడిగి తెలిసికొనవలెను.

ఒకటి, అమరిక పరీక్ష. డోలు గాని మృదంగము గాని ఉన్న పాటను పెట్టి కొసలను వ్రేళ్లతో కొంచెము లోనికి ఒత్తుడు. ఒత్తినప్పుడు మంద్రధ్వని హెచ్చినచో అమరిక చాలలేదు. కొస మార్చి చూడుడు. ఒత్తినను మార్పు లేనిచో అమరిక కుదిరినది. బయట నిలబడినవారి మాటలు కూడ సన్నగిల్లవలెను.

రెండు, కంఠ పరీక్ష. చెవి నాళము ఒక కొస మూసిన గొట్టము కనుక దానికి సహజమైన అనునాదము ఉన్నది. 25 మిల్లీమీటర్ల పొడవునకు లెక్కవేసిన 3,400 హెర్ట్జులు వచ్చును. నిజమైన చెవులలో ఇది సుమారు 3,000 వద్ద ఉండును. బిరడా పెట్టగానే ఈ అనునాదము చెడిపోవును. తయారుచేయువారు దానిని లెక్కలోనికి తీసుకొని ఆ ప్రాంతములో ధ్వనిని కొంత పెంచవలెను. ఆ పెంపు తక్కువైన కంఠము దుప్పటి చాటునుండి వచ్చినట్లుండును. ఎక్కువైన చెవికి గుచ్చుకొనును. దీనిని కనుగొనుటకు యంత్రము అక్కరలేదు. బాగుగా ఎరిగిన కంఠము, రేడియో వార్తలు చదువువారిదైనను సరే, సహజముగా ఉన్నదా అని వినిన చాలును.

మూడు, నడిమి పరీక్ష. రెండు చెవులలో ఒకే కంఠము వచ్చునప్పుడు అది తల నడుమ నిలిచినట్లు తోచవలెను. ఒక ప్రక్కకు ఒరిగినచో ఇయర్‌ఫోనులను చెవులలో తారుమారు చేసి చూడుడు. ఒరుగుట కూడ ప్రక్క మారినచో దోషము ఇయర్‌ఫోనుది. మారనిచో అమరికది గాని చెవిది గాని. కంఠము నడుమ నిలువక ఎటో చెదరినట్లున్నచో ఒక తీగచుట్టకు తీగలు తలక్రిందులుగా అతికియుండవచ్చును.

నాలుగు, తీగ పరీక్ష. ప్లగ్గు వద్దను, తీగ రెండుగా చీలు చోటను మెల్లగా వంచి చూడుడు. గరగర శబ్దము వచ్చినచో విడిచిపెట్టుడు. చవక ఇయర్‌ఫోనులు చచ్చునది ఎక్కువగా ఇక్కడనే. మరియొక వింత కలదు. కొన్నిసార్లు వాద్యములన్నియు వినబడి గాయకుని కంఠము మాత్రము మాయమగును. దయ్యము కాదు, రెండు చెవులకు ఉమ్మడియైన తిరుగు తీగ తెగినది, లేక ప్లగ్గు సరిగా కూర్చుండలేదు. అప్పుడు రెండు చుట్టలును వరుసలో కలిసి, కుడి ఎడమ సంకేతముల భేదము మాత్రమే వినిపించును. కంఠము రెండింటను సమానముగా ఉండును కనుక భేదములో సున్నయగును. మైకు గల నాలుగు పట్టీల ప్లగ్గును కొన్ని పాత పెట్టెలలో పెట్టినప్పుడు ఇది కలుగవచ్చును. పాటలకు మాత్రమే అయినచో మూడు పట్టీల సాదా ప్లగ్గు మేలు.

తీగ ఉన్నదా, లేనిదా?

నేడు తీగ లేని ఇయర్‌ఫోనులు విరివిగా వచ్చినవి. సౌకర్యము నిజమే. కాని మూడు వందల రూపాయలలో బ్యాటరీ, రేడియో గ్రాహకము, ఛార్జింగు పెట్టె ఇవన్నియు చేరవలెనన్న, పొరకును చుట్టకును మిగులు సొమ్ము ఎంత? పైగా బ్యాటరీ కొన్ని సంవత్సరములలో బలము తగ్గును. దానిని మార్చుట కష్టము. చాల చిన్న పాటల పెట్టెలలో బ్లూటూత్ ఉండదు. తక్కువ సొమ్ముకు ఎక్కువ ధ్వని నాణ్యము కావలసిన విద్యార్థికి నేటికిని తీగ గలదే లాభము.

వాడుకలో జాగ్రత్తలు

బిరడా రకము బయటి శబ్దమును ఆపునన్నది ప్రయాణములో గుణము, రోడ్డుమీద దోషము. నడచునప్పుడు, సైకిలు త్రొక్కునప్పుడు, రోడ్డు దాటునప్పుడు దీనిని తప్పక తీసివేయవలెను. వెనుకనుండి వచ్చు లారీ హారను చెవికి చేరవలెను. అడవి దారిలో ఒంటరిగా పోవువారికి చెవియే కావలి.

కొసలను వారమున కొకసారి తీసి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే తొడుగవలెను. గులిమి జల్లెడను మూసినచో ఒక ప్రక్క ధ్వని తగ్గును. మనము తెలియక పెంచుదుము. ఒకరి కొసలను మరియొకరు వాడరాదు. చెవి కారుచున్నప్పుడు, నొప్పిగా ఉన్నప్పుడు పెట్టుకొనక వైద్యునికి చూపవలెను. విని తీసిన తరువాత చెవిలో గుయ్యి మను శబ్దము మిగిలినచో ఆ నాటి ధ్వని ఎక్కువైనదని చెవియే చెప్పుచున్నది. ఆ మాటను వినవలెను. నిశ్శబ్దమైన గదిలో హాయిగా వినబడు మట్టును గుర్తుపెట్టుకొని, బస్సులో దానికంటె చాల ఎక్కువ పెట్టవలసివచ్చినచో తప్పు కొసలో ఉన్నదని తెలిసికొనవలెను.

కొన్ని వారముల తరువాత ఆ విద్యార్థి మరల బస్సులో కనబడెను. మూడు జతల కొసలు గల తీగ ఇయర్‌ఫోనును కొన్నాడట. కుడి చెవికి చిన్నది, ఎడమ చెవికి మధ్యది తగిలినవట. "సౌండు సగానికి సగం తగ్గించిన సార్. డోలు ఇప్పుడు మంచిగ ఇనవడ్తున్నది" అని చెప్పెను. ఈసారి అతని ప్రక్కన కూర్చున్నను పాట నాకు వినబడలేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక పాటల పెట్టె, ఒక బిళ్ళ రకము, ఒక బిరడా రకము, శుభ్రమైన కొసలు చాలును. కిటికీలు తెరచి ఒక్కొక్క విద్యార్థిని తనకు హాయియైన మట్టును పెట్టుకొనుమని చెప్పి, రెండు రకములకును ఆ మట్టులను నల్లబల్లపై వ్రాయుడు. రెండు ఇయర్‌ఫోనుల సున్నితత్వము వేరైనచో మట్టులను నేరుగా పోల్చరాదు. అందుచేత అదే పరీక్షను కిటికీలు మూసి నిశ్శబ్దములో మరల చేయించి, రొదవలన ఎవరికి ఎంత పెరిగినదో చూడుడు. బిళ్ళ రకము వరుసలో పెరుగుదల ఎక్కువగా కనిపించును. ఆ భేదమే ప్రతిదినము చెవి చెల్లించు వెల.